గంజి పెట్టిన టాపు

సైన్యానికి బండి చేస్తున్నామని మా అన్న చెప్పినప్పుడు బాపు మగ్గం గుంటలోంచి తల కూడా ఎత్తలేదు. అన్న నేత వదిలి హైదరాబాదు అంచున ఒక షెడ్డులో వెల్డింగుకు కుదిరినప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో తపాలా బంట్రోతును నేనే.

గుట్టలూ వాగులూ దాటే బండట అది. నచ్చితే సైన్యం ఇంకా చేయించుకుంటుందని షెడ్డు యజమాని ఆశ. దానికి గుడ్డ టాపు కావాలని అన్న నాతో చెబుతున్నట్టే బాపుకు వినబడేలా చెప్పాడు. రెండు పోగులు కలిపి నేస్తే గట్టిగా ఉంటుందని బాపు కూడా నాతోనే అన్నాడు.

ఆ నెల మా ఇంట్లో ఉన్న సందడి నా పెళ్లికి కూడా లేదు. అన్న కొలతలు తెచ్చేవాడు, బాపు తిట్టేవాడు, అమ్మ గంజి కాచేది. తండ్రీకొడుకులు ఒకే కంచంలో తినడమొక్కటే తక్కువ. ఆ నెల మళ్లీ కావాలనిపిస్తుంది నాకు, ఇప్పటికీ.

గంజి పెట్టందే పడుగు దారం మగ్గం మీద నిలవదు. నేసిన బట్టను ఉతక్కుండానే అమ్ముతాం, బిర్రుగా ఉంటేనే కొనేవాళ్లకు నమ్మకం. టాపునూ అట్లాగే ఇచ్చాం. కొడుకు బండి కదా అని బాపు పైన ఇంకో పూత కూడా వేశాడు.

కల్వకుర్తి అవతల పరీక్ష పెట్టారు. మేమూ వెళ్లాం. బండి గుట్ట ఎక్కింది, వాగులో దిగింది. నీళ్లు ఎగజిమ్మి టాపు నానింది, గంజి ముందద్దం మీదికి జిగటగా కారింది. నడిపేవాడు దారి కనబడక రాతికి కొట్టాడు. ఇరుసు విరిగింది. అధికారులు మర్యాదగా చాయ తాగి వెళ్లిపోయారు.

బాపు అద్దాన్ని వేలితో తడిమి చూసుకున్నాడు. ఆనక నేరుగా అన్న దగ్గరికే పోయాడు.

"ఇంకోటి చెయ్‌రా. గీసారి ఉతికి ఇస్త."

ఇంకోటి లేదు. షెడ్డు మూతపడింది, అన్న హాలియాలో ట్రాక్టర్ల పనిలో చేరాడు. ఇంటికొచ్చిన ప్రతిసారీ బాపు అడిగేది ఒక్కటే, సైన్యం వాళ్లు మళ్లీ పిలిచారా అని. పిలుస్తరు బాపూ, అనేవాడు అన్న.

నిరుడు నల్లగొండ దవాఖానలో, మనుషుల్ని సరిగా గుర్తుపట్టని స్థితిలోనూ బాపు అదే అడిగాడు. అన్న నా వైపు చూశాడు.

"పిలిచిండ్రు బాపూ."

"గట్లయితే పడుగు తయారు చెయ్యాలె గద," అంటూ బాపు కాళ్లు మంచం కిందికి దించాడు. అన్నా నేనూ కలిసి పట్టుకున్నా ఆగలేదు.