జరీ అంచు కోతి

ఎనభైల మొదట్లో నార్త్ కరోలినాలో జువాలజీ పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు మా ల్యాబ్‌లో తెలుగువాళ్లం ఇద్దరం అమ్మాయిలమే. నాది వరంగల్, ఆమెది గుంటూరు. ఒకే అపార్ట్‌మెంట్, ఇద్దరికీ కలిపి ఒకే కుక్కర్.

ఆ చలికాలం మా ప్రొఫెసర్ దక్షిణ మెక్సికోలోని ఒక అభయారణ్యానికి బయల్దేరుతూ, అడవంతా వినపడేలా అరిచే హౌలర్ కోతుల మీద పరిశోధనకి ఒక స్టూడెంట్‌ని తీసుకెళ్తానన్నాడు. ఆమె పక్కనుండగానే మొదట నన్ను అడిగాడు. ఎగిరి గంతేయాలనిపించింది. నోరు మాత్రం "నో, నో, పర్లేదు" అంది. మా ఇళ్లలో రెండో దోసె కూడా బతిమాలించుకోకుండా వేయించుకోం కదా! ఆయన బతిమాలలేదు. "ఓకే" అని ఆమె వైపు తిరిగాడు. ఆమె వెంటనే "యెస్" అంది.

ఆమె వచ్చేదాకా కుళ్లుకుని చచ్చాను. ఆమె పంపిన పోస్ట్‌కార్డ్‌ని బొమ్మ కనపడకుండా తిరగేసి ఫ్రిజ్‌కి అంటించాను. ఎండకి నల్లబడి, బూట్లకి అడవి మట్టితో తిరిగొస్తే ఆ మట్టిని చూసినా అసూయే.

"ఎట్లుండె అక్కడ?" అని అడిగాను, బాగాలేదంటే బాగుండునని.

"ఏముందే, దోమలు! తెల్లారకుండానే కోతుల అరుపులు, నిద్రే లేదు. అయినా భలే ఎంజాయ్ చేశాన్లే" అంది. నాకు ఒళ్లు మండింది.

తర్వాతి వారం ల్యాబ్‌లో స్లైడ్లు వేసింది. ఆ ప్రాంతంలో హౌలర్లు రెండు రకాలు. ఒకటి ఒళ్లంతా నలుపు, రెండోదానికి డొక్కల మీద పొడుగాటి బంగారు రంగు వెంట్రుకలుంటాయి. తెర మీది కోతి నీడలో కూర్చుంది. "బ్లాక్ హౌలర్" అని తేల్చేసింది ఆమె.

నేను ఆ స్లైడ్ తీసి కిటికీ వెలుగులో పెట్టి చూశాను. నల్లచీరకి జరీ అంచులా డొక్క పక్కన సన్నటి మెరుపు. "కాదు, ఇది రెండో రకం, మాంటిల్డ్ హౌలర్" అన్నాను. ప్రొఫెసర్ భూతద్దంతో చూసి తలూపాడు. ఆమె ముఖం చిన్నబోయింది. నాకు పండగే.

ఆయన నా వైపు తిరిగి, వచ్చే ట్రిప్‌కి వస్తావా అని అడిగాడు.

"నో, నో, పర్లేదు" అంది నా పాడు నోరు, మళ్లీ.

ఆమె చటుక్కున అందుకుంది. "తను వస్తుంది ప్రొఫెసర్. మావాళ్లు మొదట అనే నో లెక్కలోకి రాదు. ఇంకోసారి అడగండి."

ఆయన నవ్వుతూ మళ్లీ అడిగాడు. యెస్ అన్నాను. చూపు మాత్రం ఆమె మీదే ఉంది. అంటే పోయిన చలికాలం, నా పక్కనే నిలబడి నా నో విన్నప్పుడు కూడా ఆమెకి ఈ సంగతి తెలుసన్నమాట.