జీఎంకు ఎర్రతల కడీలు

మా ఇంట్లో పొద్దున ముందు కుక్క లేచేది, తర్వాత మా ఆయన, ఆఖరున నేను. నేను వాకిలి ఊడ్చి ముగ్గు వేసేలోపు వాళ్లిద్దరూ నాచారం కంపెనీల దాకా నడిచి వచ్చేవాళ్లు. వస్తూ వస్తూ ఆయన కోడికాళ్ల సంచి తెచ్చేవాడు. నేను నూకలతో కలిపి ఉడకబెట్టేదాన్ని. మాఘమాసంలో ఆయన పోయాక నేనే ముందు లేస్తున్నాను. కోడికాళ్లకూ నేనే పోతున్నాను. కుక్క గేటు దగ్గర పడుకుని, రమ్మన్నా రాదు.

దాని పేరు జీఎం. నిలబడితే నా నడుము దాకా వస్తుంది. ఆ పేరు ఆయన పెట్టిందే. "కంపెనీల జీఎం ముందర ఇరవై రెండేండ్లు నిలవడ్డ. ఇంటికాడ జీఎంను నేను కూసో అంటె కూసుంటడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు.

ఆయన కంపెనీ యూనిఫాం ఖాకీ. ఇప్పుడు రోడ్డు మీద ఖాకీ చొక్కా కనపడితే చాలు, జీఎం ముందు గోడ దూకుతుంది. ఆ మనిషి దగ్గరికి పోయి వాసన చూస్తుంది. తిరిగొచ్చి మళ్లీ పడుకుంటుంది. ఎవరినీ కరవలేదు. కానీ అంత కుక్క మీదికొస్తుంటే అది వాసన కోసమే వస్తోందని ఎవరికి తెలుస్తుంది? గ్యాస్ సిలిండర్ తెచ్చే మనిషి సిలిండర్ వదిలేసి పరుగెత్తాడు. అది దొర్లుకుంటూ పోయి కాలనీ సెక్రటరీ గిరిప్రసాద్ గారి గేటుకే తగలాలా? ఆయన మర్యాదగానే చెప్పాడు. "కంచె వేయించండమ్మా. నెలాఖరు దాకా చూస్తాం. లేదంటే కుక్కని ఎక్కడికైనా పంపించేయాలి." నెలాఖరుకు పదిరోజులుంది. ఈ ఇంట్లో నాతో ఉంటున్నది ఆ కుక్క ఒక్కటే.

అప్పుడు దిగాడు మా మరిది.

ఇంట్లో అతన్ని మల్లేశు అంటాం. విజిటింగ్ కార్డు మీద ఉమామహేశ్వర్. జనగామ దిక్కు నుంచి అన్నదమ్ములిద్దరూ ఒకే బస్సెక్కి ఉప్పల్‌లో దిగారు. అన్న పని వెతుక్కున్నాడు. తమ్ముడికి అన్న దొరికాడు కాబట్టి పని వెతుక్కునే అవసరం చాలా ఏళ్లు రాలేదు. నారపల్లి వైపు పొలాలు ప్లాట్లు అయ్యేసరికి అతనికీ ఒక పని దొరికింది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. రెండూ రాయవు. గ్యాస్ బుక్కు మీద సంతకానికి ఒకసారి అడిగి చూశాను. తుమ్మచెట్లు చూపించి క్లబ్ హౌస్ అంటాడు, బర్రెలు పొర్లే గుంట చూపించి స్విమ్మింగ్ పూల్ అంటాడు. వెంచర్లు అమ్ముడైపోయాక ఆ ఫ్లెక్సీలన్నీ తెచ్చి మా వెనక రేకుల షెడ్డులో పడేసి పోతాడు. ప్రతి ఫ్లెక్సీ మీదా చేతులు జోడించి నవ్వుతూ అతని బొమ్మే. అన్న దవాఖానాలో పదకొండు రోజులుంటే ఒక్కసారి వచ్చాడు. వచ్చినవాడు పక్క మంచం పేషెంటుకు కార్డు ఇచ్చి పోయాడు.

అలాంటివాడు కంచె సంగతి తనకొదిలెయ్యమన్నాడు. మూడు రోజులు వచ్చి కంచెల గురించి మాట్లాడాడు. ఇనుపజాలీ అన్నాడు. జీఎం జాలీలో కాళ్లు పెట్టి నిచ్చెన ఎక్కినట్టు ఎక్కుతుందన్నాను. ముళ్లతీగ అన్నాడు. దూకితే కడుపు చీరుకుంటుందన్నాను. ఒకసారి చీరుకుంటే రెండోసారి దూకదన్నాడు. అన్న పెంచిన కుక్క గురించి ఆ మాట అన్నాడు, నేనిచ్చిన చాయ్ తాగుతూ. మూడోరోజు అతనే తేల్చేశాడు, కడీలు పాతించి జాలీ కొట్టిస్తానని. కడీలంటే పొలాల చుట్టూ పాతే రాతి స్తంభాలు. ఏదో ఒకటి, నెలాఖరులోగా నిలబడితే చాలు, కుక్క నా దగ్గర ఉంటే చాలనుకుని సరేనన్నాను.

మర్నాడు ట్రాలీలో ఆరు కడీలు దిగాయి. ఆరింటి తలలకూ ఎర్రరంగు.

ఎర్రతల అంటే ఏమిటో నాకు తెలుసు. ఈ ప్లాటు కొన్నప్పుడు నాలుగు మూలలా అలాంటి రాళ్లే ఉండేవి. ముళ్లపొదల్లో మా ఆయనా నేనూ కర్రతో వెతుక్కుని, ఇదీ మన హద్దు అనుకున్నాం. ఎర్రతల కడీని హద్దుకు పాతుతారు, కుక్కకు పాతరు.

మల్లేశు ముందు గోడ వైపు చూడనే లేదు. వెనక వాకిలి నుంచి మూడడుగులు కొలిచి, పెరడుకు అడ్డంగా సున్నంతో గీత గీశాడు. షెడ్డు, బోరు, కరివేపాకు చెట్టు గీతకు అవతలికి పోయాయి. జీఎం ఉండాల్సింది ఇంటికీ గీతకూ మధ్య సందులోనట. అది అందులో వెనక్కి తిరగాలన్నా కష్టమే.

సిమెంటు కలపడానికి వచ్చిన మల్లవ్వ ఆ గీత చూసి, తట్ట కింద పెట్టి అడిగింది.

"గివి కుక్కకా అక్కా, అన్నదమ్ముల పంచుడుకా?"

మల్లేశు ఆమెను పని చూసుకొమ్మన్నాడు. నేను అతన్నే అడిగాను.

"కుక్క ముంగట గోడ దుంకుతుంటె ఎనక పాతుతున్నవేంది మల్లేశు?"

"నీకు సమజ్ గాదు వదినా. ఈ ప్లాటు తిప్పి సూపించింది నేనే గద. ఎనక పాలు నాదేనని అన్న గూడ అన్నడు."

"ఎప్పుడన్నడు?"

"దవాఖానల."

"దవాఖానల ఆయన నోట్లె పైపుండె."

మల్లేశు జేబులో పెన్నులు సర్దుకున్నాడు. "ఫికర్ జెయ్యకు. కుక్కతోని గంత తిప్పలైతే మా నారపల్లి సైటు మీద ఇడిసిపెడ్త" అన్నాడు. పెరడు తీసుకునేవాడికి కుక్క ఒక లెక్కా?

ప్లాటు కాగితం మా ఆయన పేరు మీదే ఉంది. కానీ ముందు రాయి పాతి తర్వాత మాట్లాడటం మల్లేశు వృత్తి. అతనికి తెలిసిన ఇంకో విద్య లేదు. నేను వాదించలేదు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆరూ పాతించాడు. పోతూ పోతూ నాకు రెండు పనులు చెప్పాడు. "సిమెంటు పచ్చిగుంది వదినా, వారం దినాలు పొద్దుమాపు నీళ్లు పట్టు. కుక్కను గీ మూల కడీకే కట్టెయ్. మస్తు గట్టిగుంటది." జాలీ తర్వాత కొట్టిస్తానన్నాడు.

అతను పోయాక నేను గేటు దగ్గర కూర్చుని జీఎంను చూశాను. అది గోడ మీంచి దూకుతుంది గానీ గేటు మీంచి ఎన్నడూ దూకలేదు. అసలు గేటుదీ గోడదీ ఒకటే ఎత్తు. మా ఆయన ఇద్దరు ముగ్గురి సలహాలు విని గేటు పైన రెండడుగులు రేకు కొట్టించాడు. ఆ ఎత్తు దానికి ఎక్కువేం కాదు గానీ, ఆ రేకు వెనక రోడ్డు కనపడదు. అంటే అది కనపడినదాని కోసమే దూకుతోంది.

మల్లవ్వను పిలిచి ఇద్దరం షెడ్డులోంచి ఫ్లెక్సీలు లాగాం. గోడ పిల్లర్ల మీద, ఎప్పుడో ఎత్తు పెంచుదామని మా ఆయన వదిలేసిన సలాకలున్నాయి. వాటికి బైండింగ్ వైరుతో బిగించి కట్టాం. మల్లేశు బొమ్మ రోడ్డు వైపు, తెల్ల వైపు లోపలికి. జీఎం అతని మొహం చూస్తూ బతకాల్సిన ఖర్మ ఏముంది? "మీ కలల గేటెడ్ కమ్యూనిటీకి స్వాగతం" అని గోడ పొడుగునా అక్షరాలు. అతని ఫ్లెక్సీ మీది మాట మొదటిసారి నిజమైంది.

మర్నాడు సిలిండర్ మనిషి పోయాడు. జీఎం చెవులు నిక్కబెట్టింది, లేచి నిలబడింది. తెల్లటి ఫ్లెక్సీ వైపు చూసింది, నా వైపు చూసింది, పడుకుంది. ఇక దానికి ఖాకీ చొక్కాలు కనపడవు. నాకూ కనపడవు. గిరిప్రసాద్ గారు వచ్చి ఫ్లెక్సీ అంతా చదివి, నవ్వు ఆపుకుని, "దూకట్లేదుగా, చాలమ్మా" అని పోయాడు.

మల్లేశు చెప్పిన రెండు పనుల్లో ఒకటి చేస్తున్నాను. రోజూ మధ్యాహ్నం జీఎంను మూల కడీకి కడుతున్నాను. కోడికాళ్ల గిన్నె గొలుసుకు కొంచెం అందని దూరంలో పెట్టి, ఒకటి రెండు గుంజులు గుంజాక దగ్గరికి జరుపుతున్నాను. నీళ్లు లేక వైశాఖం ఎండకు సిమెంటు తెల్లబడి, చుట్టూ వేలు దూరేంత పగులు వచ్చింది. ఎర్రతల కాస్త వాలింది.

నాలుగో రోజు మల్లేశు ఫోన్ చేశాడు. నీళ్లు పడుతున్నావా వదినా అని అడిగాడు. కుక్కను కట్టేశానని చెప్పాను.

ఫోన్ పెట్టేసి బోరు దగ్గరికి పోయాను. పైపు చుట్ట విప్పలేదు. ఒక చెంబుడు నీళ్లు పట్టి జీఎం గిన్నెలో పోసి, లోపలికి వచ్చాను.