మా కొట్టు క్యాలెండర్ మీద కొండ

మా నాన్న కాలం నుంచీ మా కొట్టు క్యాలెండర్ మీద లక్ష్మీదేవే ఉండేది. రాజాంలో మాది ఇనప సామాన్ల కొట్టు. మేకులు, గొలుసులు, నైలాన్ మోకులు, టార్పాలిన్లు అమ్ముతాం. ఏటా డిసెంబరు చివర్లో క్యాలెండర్లు వేయించి, కొన్నవాడికీ కొననివాడికీ తలా ఒకటి ఇవ్వడం మా ఆనవాయితీ. ఒక్క ఏడాది మాత్రం లక్ష్మీదేవిని పక్కన పెట్టి, నేను తీసిన ఫోటో వేయించాను. మా ఆవిడ వద్దంటే వద్దంది. దేవుడి బొమ్మయితే గోడ మీద కళ్ళకద్దుకుని ఉంచుకుంటారు, మీ కొండలకి ఎవరు దండం పెడతారని అడిగింది. నాకు కోపం వచ్చింది. నాకు కోపం తొందరగా వస్తుంది, బుద్ధి ఆలస్యంగా వస్తుంది.

ఫోటోల పిచ్చి నాకు నలభై దాటాక పట్టుకుంది. ఆదివారం వస్తే బండికి కెమెరా సంచీ తగిలించుకుని బయల్దేరేవాణ్ణి. పొలాల మధ్య ఎవరు పాతారో తెలియని నిలువురాళ్ళు, మూడు బండల మీద నాలుగో బండ మోపిన పాతకాలపు సమాధులు, నాగావళి ఎండినప్పుడు ఇసకలోంచి తేలే రాతిమెట్లు, వాన వెలిశాక కొండ మీంచి లేచే ఆవిరి, ఇవీ నా ఫోటోలు. మనుషులు వాటిలో ఉండరు. వారంలో ఆరు రోజులు బేరాలు విన్న చెవులు నావి. రాయి బేరమాడదు. బజారులో నన్ను రాళ్ళ షావుకారు అనేవారు. పైకి విసుక్కునేవాణ్ణి గానీ లోపల గర్వంగానే ఉండేది.

ఆ పిచ్చిలోనే అతను పరిచయమయ్యాడు. భోగాపురం దాటి తీరాన ఉన్న ఒక చేపల ఊరు అతనిది. ఇసకలో సగం కూరుకుపోయిన నల్లరాయిని నేను బోర్లా పడుకుని ఫోటో తీస్తుంటే, వల బాగుచేసుకుంటూ చాలాసేపు చూశాడు. చివరికి, ఆ రాయి ఎక్కడికీ పారిపోదు, లేచి టీ తాగమన్నాడు. ఇంచుమించు నా వయసే. ఆ రోజు నన్ను సావుకారన్నాడు, మూడో నెలకి బావ అన్నాడు. నాకు అక్కచెల్లెళ్ళు లేరు, మా ఆవిడకి అన్నదమ్ములు లేరు. నన్ను బావా అని నోరారా పిలిచిన మగవాడు అతనొక్కడే. వాళ్ళావిడ నన్ను అన్నియ్య అనేది. ఆదివారాలు వాళ్ళింట్లో కోనాం చేపల పులుసు తినకుండా నన్ను కదలనిచ్చేది కాదు. కొండలు చూడ్డానికి పోతున్నానని ఇంట్లో చెప్పి, నేను పోయింది చాలాసార్లు ఆ ఇంటికే.

ఒక కార్తీకమాసం పొద్దున తన ఇంజను తెప్ప మీద నన్ను సముద్రంలోకి తీసుకెళ్ళాడు. చాలా దూరం పోయాక ఇంజను ఆపాడు. చుట్టూ ఎటు చూసినా ఒకటే నీళ్ళు. సరిగ్గా మన కింద రాయి ఉంది, మా తాత కనిపెట్టిన రాయి అన్నాడు. దాని చుట్టూ చేప ఉంటుందట. ఆ ఊరి మగవాళ్ళు సగంమంది గుజరాత్ బోట్ల మీదికి పనికి పోతారు, నెలల తరబడి రారు. అతని ఇంట్లో తాత పోలేదు, తండ్రి పోలేదు, అతనూ పోలేదు. అందుకు కారణం ఆ రాయే.

చోటెలా తెలుస్తుందని అడిగాను. ఒడ్డు వైపు చూపించాడు. దూరంగా పెద్ద కొండ, దాని నెత్తిన ఒక నొక్కు. తీరాన జంట తాడిచెట్లు. ఆ చెట్లు సరిగ్గా ఆ నొక్కులోకి రావాలి. అదే సమయానికి ఉత్తరాన చిన్న కొండ ముక్కు సరుగుడు తోట చివరని తాకాలి. రెండూ కుదిరిన చోట అడుగున రాయి ఉన్నట్టు. దీన్ని తండ్రి కొడుక్కి చెబుతాడు, సొంత తమ్ముడికి కూడా చెప్పడు. నాకు చెప్పాడు. ఒక ఫోటో తీసుకోనా అని అడిగితే నవ్వాడు.

"తీసుకో బావ. నీల్ల అడుగునున్నదానికి నువ్వేటి ఫోటో తీత్తావు?"

తీరమంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ఫోటోగా తీశాను. లేత ఎండ, పల్చటి మంచు, ఒక పక్క సరుగుడు తోటని తాకుతున్న చిన్న కొండ, ఇంకో పక్క నొక్కులో నిలబడ్డ రెండు తాడిచెట్లు. అంత చక్కని ఫోటో అంతకుముందు తీయలేదు, తర్వాతా తీయలేదు. అతను చెప్పిన గుర్తులు నా చెవిలోనే ఉన్నాయి, కళ్ళు మాత్రం వెలుతురు మీద ఉన్నాయి. ఇంతకుమించి నాకు సంజాయిషీ లేదు.

క్యాలెండర్లు ఐదొందలు వేయించాను. మోకులు కొనడానికొచ్చే చేపల ఊళ్ళవాళ్ళకి మరీ ప్రేమగా, ఇది మీ కొండేనయ్యా అంటూ, ఒకటి అడిగితే రెండు ఇచ్చాను. జనవరి మొదటి ఆదివారం అతనికి నేనే పట్టుకెళ్ళాను. తెప్ప మీద పరిచి చూశాడు.

"ఎన్ని కొట్టించినావు బావ?"

ఐదొందలన్నాను. పంచేశావా అని అడిగాడు. పంచేశానన్నాను. అప్పుడతను తాడిచెట్ల మీద వేలు పెట్టాడు. అక్కణ్ణించి నొక్కు మీదికి జరిపాడు. తర్వాత చిన్న కొండ ముక్కు, సరుగుడు తోట చివర. అప్పటికి నాకు వెలిగింది. రాజాంలో గోడ మీద అది కొండ బొమ్మ. సముద్రం ఎరిగినవాళ్ళ గోడ మీద అది రాయి అడ్రసు. అతను క్యాలెండర్ జాగ్రత్తగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, చంకలో పెట్టుకున్నాడు.

"ఫోటో బాగున్నాది," అన్నాడు.

తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది.

ఆ పూటే నేను ఇంకా పెద్ద తప్పు చేశాను. ఊరూరా తిరిగి క్యాలెండర్లు వెనక్కి అడిగాను. తిథులు తప్పు పడ్డాయి, ఇది ఇచ్చేస్తే లక్ష్మీదేవిది ఇస్తానని అబద్ధమాడాను. ఒకావిడ, దీని కోసమే గోడకి మేకు కొట్టుకున్నాం, ఇవ్వం పొమ్మంది. ఒక ముసలాయన మాత్రం, తిథి తప్పయినందుకు సావుకారు స్వయంగా ఇల్లిల్లూ తిరుగుతాడేటి అంటూ క్యాలెండర్ని గుమ్మంలోకి, వెలుతురులోకి పట్టుకెళ్ళాడు. నేను చూస్తుండగానే అతని వేలు తాడిచెట్ల దగ్గర ఆగింది. అప్పటిదాకా తేదీలు తప్ప చూడనివాళ్ళు నేను అడిగాక బొమ్మ చూశారు. కొరివితో తల గోక్కోవడం అంటారు. నేను గోకింది నా తల కాదు, అతనిది.

వేసవిలో వేట నిషేధం ముగిశాక ఆ చోటికి బోట్లు బారులు తీరాయి. ఎవరి వలలు వాళ్ళు దింపారు. రాయికి చిక్కి తెగిన వలలు అక్కడే ఉండిపోయి రాయిని కప్పేశాయి. చేప పోయింది. ఇవన్నీ అతను చెప్పలేదు. ఆ ఊరి టీ కొట్టువాడు చెప్పాడు. నేను ఆ టీ కొట్టు దాకా పోయి, అతని ఇంటి గుమ్మం తొక్కే ధైర్యం లేక, నాలుగుసార్లు వెనక్కొచ్చేశాను.

వినాయకచవితి వెళ్ళిన వారానికి అతనే ఫోను చేశాడు. మర్నాడు గుజరాత్ బండి ఎక్కుతున్నానన్నాడు. తప్పయిపోయిందని చెప్పడానికి నెలల తరబడి కూడబెట్టుకున్న మాటలన్నీ వదిలేసి, బండి ఎన్నింటికని అడిగాను.

"ఎల్లొస్తానండి, సావుకారు గారూ," అన్నాడు.

మేకుల డబ్బాల మధ్య కూర్చుని ఏడ్చాను. మా ఆవిడ షట్టరు సగానికి దించేసింది. రెండు జిల్లాల్లో ఎన్ని రాళ్ళు ఫోటో తీశానో నాకే లెక్క తెలియదు. ఆ ఒక్క రాయిని కళ్ళతో చూడనే లేదు, దాన్నే పాడుచేశాను.

కార్తీకమాసంలో చివరికి ఆ గుమ్మం తొక్కాను. వాళ్ళావిడ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది. లోపల గోడ మీద ఆ క్యాలెండర్. నెలల కాయితాలు చాలామట్టుకు చిరిగిపోయి, కొండా తాడిచెట్లూ మాత్రం అలాగే ఉన్నాయి. నేను చూడలేకపోయాను. దాన్ని తీసేస్తానమ్మా, లక్ష్మీదేవిది తెచ్చాను అంటూ లేచి చెయ్యి చాపాను. ఆవిడ తడిచేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి నాకూ గోడకీ మధ్య నిలబడింది.

"వద్దన్నియ్య, ఉండనీ. ఎల్లిననాడు మీ బావ దానికే దండం ఎట్టుకుని ఎల్నాడు."