ఎట్లుండాది పాపా?

నా బీరువాలో మగవాళ్ళ చొక్కా దొరికేసరికి మా ఇంట్లో అందరికీ అన్నీ అర్థమైపోయాయి. అమ్మ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు గట్టిగా పెట్టడం మొదలెట్టింది. తమ్ముడు కనుబొమలెగరేసి నవ్వాడు. నాన్న చాలాసేపు గొంతు సవరించుకుని, "ఎవరమ్మా అబ్బాయి? ఏం చేస్తుంటాడు?" అని అడిగారు.

"పోయాడు నాన్నా."

"ఎక్కడికి?"

మా ఇంట్లో నా సంగతి ఎప్పుడూ ఇంతే. మాట్లాడకపోతే పొగరు, మాట్లాడితే తలతిక్క, ఏడిస్తే ప్రేమ. ఇంకో కారణం ఉండొచ్చని వాళ్ళకు తోచదు.

ఆ చొక్కా తొడుక్కున్న మనిషిని నేనెన్నడూ చూడలేదు. దాన్ని దాచుకున్న మనిషి కిందటి వారం పోయింది. కాటన్‌పేటలో పూలంగడి పెద్దమ్మ. పొద్దున గోనెసంచి మీద పరిచిన మల్లెల మీద నీళ్ళు చల్లుతూ చల్లుతూ పక్కకు ఒరిగిపోయిందట. నేను హూడి మెట్రో స్టేషన్ మెట్ల మీద ఉండగా ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. "మా యక్క లేదు పాపా," అంది. అంగడిలో లేదేమో అనుకుని, ఎక్కడికి వెళ్ళిందని అడగబోయాను.

ఆమె నాకు చుట్టం కాదు. మా కాలేజీలో ఆఖరి ఏడాది వేసవిలో కొన్ని వారాలు ఎక్కడైనా పనిచేసి రావాలి. నా స్నేహితులు బ్రూక్‌ఫీల్డ్‌లో అద్దాల ఆఫీసులకు వెళ్ళారు, మెళ్ళో కార్డులు వేసుకుని ఫొటోలు పెట్టారు. నన్ను రమ్మన్న ఆఫీసు ఆఖరి నిమిషంలో వద్దంది. ఆ రోజే అమ్మతో బట్టలు కొనడానికి కాటన్‌పేట వెళ్ళాను. అమ్మ బేరమాడుతుంటే, విసుగెత్తి ఎదురుగా ఉన్న పూలంగడిలోకి వెళ్ళి పని ఇస్తారా అని అడిగేశాను.

"చదువుకున్నదానివా?" అంది పెద్దమ్మ.

"అవును. జీతం వద్దు. కాలేజీకి చూపించుకోవాలి, అంతే."

"చదువుకొని కూడా ఇంత తిక్కదానివా?" అని నన్ను పైనుంచి కిందికి చూసింది. "ముక్కు బాగా పని చేస్తాదా?"

నా మొదటి ఇంటర్వ్యూ అది. అడిగింది ఆ ఒక్క ప్రశ్నే.

ఎందుకడిగిందో మర్నాడు తెలిసింది. మల్లెల మూట విప్పి, ఒక పువ్వు నా ముక్కు కింద పెట్టింది.

"ఎట్లుండాది పాపా?"

"బాగుంది పెద్దమ్మా."

"బాగుండాది అంటే నాకేం తెలుస్తాది? ఇదేనా మీ కాలేజీలో నేర్పేది?"

"తియ్యగా ఉంది."

"బెల్లమూ తియ్యగానే ఉంటాది."

కళ్ళు మూసుకుని మళ్ళీ వాసన చూశాను. "తలంటుకున్నాక, జుట్టు పూర్తిగా ఆరకముందే దుప్పటి ముసుగేసుకుంటే... ఆ ముసుగులో ఉన్నట్టుంది."

ఆమె చేతులు ఆగాయి. "ఆఁ. అది మాట. అంటే ఈ పొద్దుటివే. నిన్నటివైతే ఎట్లుంటాదో తెలుసా? ఆ దుప్పటి ఎవురో తీసేసి పోయినట్టుంటాది."

ఆ జ్వరాల ఏడాది ఆమెకూ జ్వరం వచ్చింది. తగ్గింది కానీ వాసన పోయింది. మల్లెకూ మట్టికీ తేడా తెలియకుండా అన్నేళ్ళూ అంగడి నడిపింది, ఎవరికీ చెప్పకుండా. ఆ వేసవిలో ఆమెకు నేను ముక్కునయ్యాను. పూలే కాదు. కాఫీ వస్తే, "ఎట్లుండాది?" వాన మొదలైతే, "ఎట్లుండాది?" పక్కింట్లో తిరగమోత వేస్తే, "సుమ్నే ఊరికే కూచుంటావేమి, చెప్పు!" నేను చెప్పింది నచ్చకపోతే తిట్టేది. గులాబీల గురించి మాత్రం ఎన్నడూ అడగలేదు. అవంటే ఆమెకు పడదు. "ఫొటోకు నిలబడినట్టు ఉంటాయి," అనేది.

ఒక్క చిక్కు ఉంది. దేవుడికి పెట్టే పువ్వును వాసన చూడకూడదు కదా. అందుకని మూట విప్పగానే ముందు ఒక పువ్వు తీసి పక్కన పెట్టేది. దాని పేరు ముక్కుపువ్వు. అది మళ్ళీ పూలల్లో కలవదు, దండలోకి పోదు. కొనేవాళ్ళ ముందు, "పాపా, ముక్కుపువ్వు చూసినావా?" అని అరిచేది. వినేవాళ్ళు ముక్కుపుడక సంగతేమో అనుకునేవాళ్ళు. సాయంత్రానికి ఆ పూలన్నీ నా జడలోకి చేరేవి. ఒక మల్లె, ఒక సేవంతి, ఒక సంపంగి, రెండు మరువం రెబ్బలు. "ఏంటే ఆ తల, చెత్తబుట్టలా!" అనేది అమ్మ. "మెట్రోలో సీటు దొరికినాది," అంటే ఇంకా మండేది. "దొరికినాది ఏంటి, ఉండాది ఏంటి? గుంటూరు వాళ్ళమే మనం!"

ఒకరోజు, రోజూ పూజకు పూలు కొనే ఒకావిడ నేను మల్లె ముక్కు దగ్గర పెట్టుకుని ఉండగా వచ్చింది.

"ఏమప్పా ఇది! దేవుడి పూలు వాసన చూసి అమ్ముతా ఉండారా?"

పెద్దమ్మ తడుముకోలేదు. "వాసన కాదమ్మా. దానికి జలుబు. ముక్కు తుడుచుకుంటా ఉండాది."

"పువ్వుతోనా!"

నాకు నవ్వాగలేదు. పెద్దమ్మకూ ఆగలేదు. ఆవిడ మాత్రం నవ్వలేదు. సంచి ముడుచుకుంటూ ఉంటే పెద్దమ్మ నవ్వు ఆపేసి, "నా ముక్కు చచ్చిపోయిందమ్మా. వాసన తెల్దు. ఇది నా ముక్కు. ఇంత సాకా, ఇంకా చెప్పాల్నా?" అంది.

ఆవిడ పూలు తీసుకోకుండా వెళ్ళిపోయింది. తర్వాత ఎప్పుడూ రాలేదు. పెద్దమ్మ వీధి మొగదాకా ఆవిడ వీపునే చూసింది. "పోనీ," అంది. "నోరు తేలికయింది."

నోరు తేలికయినందుకేనేమో, ఆ మధ్యాహ్నం జనం పలచబడ్డాక, తను కూర్చునే పీట కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. మూతి అరటినారతో కట్టి ఉంది, దండకు వేసే ముడే.

"ఆ జ్వరం ఆయన్ను తీసుకుపోయింది, నా ముక్కునూ తీసుకుపోయింది. నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఈ చొక్కా కొక్కేనికి వేలాడతా ఉండాది. ఉతకలే. మూటగట్టి పెట్టినా. ఇందులో ఆయన ఉండాడో లేడో నాకు తెల్దు. చూసి చెప్పు. ఎక్కువ తెరవద్దు, పోతాడు."

మూతి కాస్త వదులు చేసి ముక్కు పెట్టాను.

"ఎట్లుండాది?"

"బీడీ. దాని వెనక సబ్బు, ఆ ఎర్ర సబ్బు. అడుగున ఇనుములాగా ఏదో. బస్సులో కమ్మీ పట్టుకుని దిగాక అరచెయ్యి ఉంటుందే, అలా."

"ఆటో తోలేవాడు," అంది మెల్లగా.

నేను అక్కడితో ఊరుకుని ఉండొచ్చు. కానీ నా నోరు అలాంటిది కాదు. "పెద్దమ్మా, నేనాయన్ను చూడలేదు కదా. ఇది ఆయనో కాదో నేనెలా చెప్పను?"

ఆమె కవరు తీసుకుని ముడి వేస్తూ కూర్చుంది. వేళ్ళు తడిగా ఉన్నాయి, గోళ్ళకు మరువం పచ్చ. "నిజమే," అంది. "చూసినదానికి వాసన తెల్దు. వాసన తెలిసినదానికి ఆయన తెల్దు." ముడి బిగించింది. "ఉండాడులే."

ఆ తర్వాత ఆ మాట ఒక్కసారే ఎత్తింది. "నేను పోయినాక దీన్ని ఎవురూ ఉతకకూడదు. పారెయ్యకూడదు." నాతోనే అన్నదో, దండతో అన్నదో. నేను పూలు గుచ్చుతూ తలూపాను.

కాలేజీలో పని గురించి అడిగారు. ఏం నేర్చుకున్నావంటే, వాసన చూడడం అన్నాను. క్లాసంతా నవ్వారు. నేనేమీ జోకు వెయ్యలేదు. ఆ వేసవి అయిపోయాక కూడా ఆదివారాలు మెజెస్టిక్‌లో మెట్రో దిగి అంగడికి వెళ్తూనే ఉన్నాను. మంచి జరిగినా చెడు జరిగినా, ముందు అది ఎట్లుండాదో ఆమెకు చెప్పాలనిపించేది. నా మాటల కోసం చేతులు ఆపుకుని చూసిన మనిషి ఆమె ఒక్కతే.

ఆమెను పడుకోబెట్టిన చోటికి నేను వెళ్ళేసరికి మీద దండలు వేసేశారు. వేరే అంగడి నుంచి తెప్పించారు. వంగి కాళ్ళకు దణ్ణం పెడుతుంటే తెలిసింది, అవి నిన్నటి మల్లెలు. దుప్పటి ఎవరో తీసేసి పోయినట్టు ఉంది. అంతమందిలో ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే. చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పాల్సిన మనిషి కళ్ళు మూసుకుని ఉంది.

తర్వాత చెల్లెలు అంగడి ఖాళీ చేసింది. పీట కింద కవరు లాగి, "ఇదేమప్పా, మసిగుడ్డలా?" అని పారేసే కుప్ప మీద వేసింది.

"అది నాకివ్వండి."

"పాత చొక్కా పాపా. నీకెందుకు?"

"కావాలి."

ఇచ్చింది. అలా అది హూడిలో మా ఇంటికి, నా బీరువాలోకి వచ్చింది.

దాన్ని చూసి మావాళ్ళు ప్రేమ అనుకోవడం కాదు నన్ను బాధపెట్టింది. అమ్మ ముడి తెంపింది. చొక్కా బయటికి లాగి, ఏదైనా పేరో టికెట్టో దొరుకుతుందేమోనని జేబులు తిరగేసి, కిటికీ దగ్గర నిలబడి దులిపింది. ఎక్కువ తెరవద్దు అన్న చొక్కాను.

జరిగిందంతా చెప్పాను. చెప్పాక ఇంకా పెద్ద గొడవైంది. "పోయినవాళ్ళ బట్ట తెచ్చి నీ బట్టల మధ్య పెడతావా? పూలమ్మే ఆవిడ కోసం ఇంత పిచ్చా? అమావాస్య లోపల అది ఇంట్లోంచి పోవాలి!" నాన్న మాత్రం నిట్టూర్చి, "ఏ అబ్బాయిదో అయినా బాగుండేదమ్మా," అన్నారు.

ఆమె పోయినప్పటి నుంచి ఏ వాసన తగిలినా నా లోపల ఒక వాక్యం తయారవుతోంది. కొత్త సిమెంటు, మెట్రోలో పక్కనున్నావిడ కొబ్బరినూనె, ఆరని గొడుగు. ఎడమవైపు నుంచి, ఆమె కూర్చునే వైపు నుంచి ప్రశ్న వస్తుంది. జవాబు సగంలో ఉండగా తల తిప్పుతాను. మీకూ ఎవరో ఒకరు ఇలా అడిగేవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళు పోయాక ప్రశ్న ఆగదు.

ఈ సాయంత్రం చొక్కా తీసుకుని బాల్కనీలో కూర్చున్నాను. బీడీ పోయింది. సబ్బు పోయింది. అమ్మ చేతి ఇంగువ కొంచెం ఉంది. ఇనుము ఉన్నట్టే ఉండి లేకుండా పోతోంది. ఆయన ఉన్నాడో లేడో అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను. కవరు కూడా తీసి, ముడి వేసిన చోట, ప్లాస్టిక్ నలిగి ముడతలు పడ్డ చోట వాసన చూశాను. తడిసిన గోనె. నలిగిన మరువం. ఎన్నిసార్లు విప్పబోయి మళ్ళీ బిగించాయో, ఆ వేళ్ళు.

ఈ మనిషిని నేను చూశాను.

ఎట్లుండాది పాపా?

ఉండాది పెద్దమ్మా.

చొక్కా మడిచి కవరులో పెట్టాను. అరటినార తెగిపోయింది కనుక నా జడ రబ్బరు బ్యాండు తీసి మూతికి వేశాను. రేపు అమావాస్య. చొక్కా నా బీరువాలోనే ఉంటుంది.