ఆదివారం నీళ్లు తాగని చేప

నా చిన్నప్పుడు నాకు ఒకడంటే చచ్చేంత కుళ్లు ఉండేది. వాడు మా చిన్నమ్మ కొడుకు, ఐదేళ్లవాడు. నాకప్పుడు తొమ్మిది. ఊళ్లలోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. చిన్నమ్మ ఖమ్మంలో నర్సు ట్రైనింగ్‌కు వెళ్తూ వాడిని బూర్గంపాడులోని మా ఇంట్లో వదిలింది.

వాడు రాకముందు మా తాతయ్య నావాడు. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన ఆయన, కొత్తగూడెం బస్టాండులో వింతల పుస్తకమొకటి కొనుక్కొచ్చాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక, నులక మంచం మీద, రోజుకొక్క పేజీ ఇద్దరం చదివేవాళ్లం. సగం పుస్తకం దాటాక వాడు దిగాడు. తాతయ్య వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని మళ్లీ మొదటి పేజీ తీశాడు. సీతాకోకచిలుక కాళ్లతో రుచి చూస్తుందని వినగానే వాడు కాలి బొటనవేలు బెల్లం ముక్క మీద పెట్టి చూశాడు. ఇల్లంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆ వింత నాకెప్పుడో తెలుసన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

శనివారాలు మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగేది. పిల్లలు తలా ఒక బైబిల్ వాక్యం చూడకుండా చెప్పాలి. వాడికి వాక్యాలకు నోరు తిరగదని, బదులుగా ఒక వింత చెప్పినా సరేనని పాస్టరమ్మ ఒప్పుకుంది. మంచి వింత నేర్పమని వాడు నా దగ్గరికే వచ్చాడు. గోదావరి చేపలు ఆదివారం నీళ్లు తాగవని నేర్పాను. ఉపవాసం కదా అని కూడా కలిపాను.

వాడు చేతులు కట్టుకుని గట్టిగా చెప్పాడు. కూడికంతా పకపకా నవ్వింది. నేను కోరుకున్నదీ అదే. వాడు మాత్రం తడబడలేదు.

"మా అక్క చెప్పింది. అక్కకు పుస్తకంల లేనియి గూడ తెలుసు," అన్నాడు.

ఆ వారమంతా వాడకట్టు పిల్లలు వాడిని చేప, చేప అని ఏడిపించారు. వాడు ఒక్కసారైనా నన్ను నిలదీయలేదు. తర్వాతి శనివారం మధ్యాహ్నం తాతయ్య మమ్మల్నిద్దరినీ పిలిచి, పుస్తకం చివర్లో మేమింకా చూడని పేజీ ఒకటి తీసి చదివాడు. నదుల్లో బతికే చేపలు నీళ్లు దాదాపుగా తాగనే తాగవట. కావలసిన నీరు మొప్పల గుండా దానంతటదే లోపలికి పోతుందట.

అక్క నిజమే చెప్పిందంటూ వాడు పిల్లలకు చాటడానికి బయటికి పరిగెత్తాడు. బతికిపోయాననుకున్నాను. తాతయ్య పుస్తకం మూసి నా వైపు చూశాడు.

"పుస్తకంల ఉన్నది నిజమే బిడ్డా. గని నువ్వు చెప్పింది మాత్రం అబద్ధమే," అన్నాడు.

నా పేజీలు వాడికిచ్చేశావు కదా అని ఏడుస్తూనే ఆయన మీద విరుచుకుపడ్డాను. నిన్ను అడగకుండా పుస్తకం మళ్లీ మొదటికి తిప్పడం నా పొరపాటేనని ఆయన ఒప్పుకున్నాడు. అయినా తమ్ముడికి చెప్పాల్సింది నువ్వేనని నన్ను గడప దాటించాడు.

వాడిని నవ్వులపాలు చేయాలనే కల్పించానని వీధిలో అందరి ముందూ చెప్పాను. ఆ తర్వాత చాలా రోజులు నేను ఏం చెప్పినా వాడు తాతయ్యను అడిగాకే నమ్మాడు. తాతయ్య కొట్టి ఉన్నా అంత నొప్పి ఉండేది కాదు.

అసూయ పూర్తిగా పోయిందని ఇప్పటికీ చెప్పలేను. నా మాట నమ్మే మనిషి ఎదుట ఉన్నప్పుడు మాత్రం దాన్ని నోటి దాకా రానివ్వను. మొన్న వాడి కూతురు ఎక్కడో విన్న వింతతో నా దగ్గరికొచ్చింది. నిజమో కాదో అత్తను అడుగు అని వాళ్ల నాన్నే పంపాడట. జవాబు నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.