టబ్బుకు ఇచ్చేసిన పాటపెట్టె

మా మరిది పోయిండని ఫోన్ వచ్చేటాళ్లకు నేను బియ్యంల రాళ్లు ఏరుతున్న. ఆయనను తీస్కపోయిన భద్రాచలం దవాఖానల నుంచి నా బిడ్డ చేసింది. "అమ్మా, చిన్నాయిన లేడే" అన్నది. నాకు ఏడుపు రాలే. చాట పక్కకు నెట్టి "మొన్న గ్యాసు అన్నడు గద!" అని ఫోన్ల అరిచిన. మూడు రోజులు ఛాతి మీద చెయ్యేసుకొని తిరిగిండు. అడిగితే "గ్యాసు వదినా, నువ్వు పరేషాన్ గాకు" అన్నడు. నేను ప్రతిదానికి భయపడే మనిషినే, ఒప్పుకుంట. భయపడేదాని కాడ నిజం దాస్తే భయం తగ్గుతదా?

మన చర్చి పత్రికల ఆయన గురించి రాయమని పాస్టరమ్మ అడిగింది. నేను అయిదు దాకనే చదివిన. తప్పులుంటే దిద్దుకోండ్రి. మంచి మాటలు రాయమన్నది. రాస్త. కాని ముందే చెప్తున్న, నాకు చాన కోపంగ ఉన్నది.

మీకందరికి ఆయన మైకుసెట్టాయన. పినపాక నుంచి అడవిల గూడేల దాక ఎవరింట్ల పెండ్లయినా, క్రిస్మస్ కూడికయినా, సైకిలు మీద హారన్ కట్టుకొని పోయిండు. నాకు మా ఆయన తమ్ముడు, నా చెల్లె మొగుడు. అన్నదమ్ములిద్దరు అక్కచెల్లెండ్లను చేసుకున్నరు. వాళ్లకు పిల్లలు లేరు. నా బిడ్డనే ఎత్తుకొని పెంచిండ్రు. చెల్లె పోయింది, తర్వాత మా ఆయన పోయిండు. ఒక్క వాకిట్ల ఆ గదిల ఆయన, ఈ గదిల నేను మిగిలినం.

చెల్లె హాస్టల్ల చదివేటప్పుడు మిషనోళ్లు పదిమంది ఆడపిల్లలను మద్రాసు తీస్కపోయి పాటల రికార్డు చేయించిండ్రు. అండ్ల ఒక చరణం నా చెల్లె ఒక్కతే పాడుతది. అది వీడియోలు తీసే కాలం కాదు. ఆమె గొంతు ఈ భూమి మీద ఆ ఒక్క చరణంల ఉన్నది, ఇంకెక్కడ లేదు.

ఆదివారం చర్చి నుంచి రాంగనే మరిది చేతులు కడుక్కొని ఆ రికార్డు పెట్టేటోడు. ఏడాదికి రెండుసార్లు కుంకుడు రసంల కడిగి, నీడల చాట మీద ఆరబెట్టేటోడు. ఎండ తగిలితే అప్పడం లెక్క వంకర పోతదని నేను ఆ చాట పక్కనే కావలి కూసుండేదాన్ని. ఆయన పాటపెట్టె పాతది. మణుగూరుల బొగ్గుబాయి దొర ఒకాయన రిటైరయి పోతా ఇచ్చిపోయిండు. లోపల రబ్బరు చక్రం, పైన ఇనుప పళ్లెం, ఎత్తాలంటే ఇద్దరు కావాలె. పక్కన ఒక మర ఉండేది. అది తిప్పితే పాట నెమ్మదయితది, జోరయితది. ఆయన తల వంచి, చెవి పెట్టి, వెంట్రుకవాసి తిప్పేటోడు. చెల్లె గొంతు సరిగ్గ పడంగనే "ఆఁ, వచ్చింది" అనేటోడు. గడప కాడ చెప్పులు విడుస్తున్న మనిషిని చూసినట్టు అనేటోడు.

వానకాలం ఆ పళ్లెం ముట్టుకుంటే షాకు కొట్టేది. ఆయన పాట పెట్టినన్ని రోజులు నేను స్విచ్ కాడ రోకలి పట్టుకొని నిలబడ్డ.

"రోకలెందుకు వదినా, పాట వినవా?" అనేటోడు.

"నిన్ను కరెంటు పట్టుకుంటే కొట్టి విడిపియ్యాలె గద!"

"కరెంటుతోని బతుకుత గని, నీ రోకలి తగిలితే బతకను" అని నవ్వేటోడు.

కంటి ఆపరేషనుకని ఆయన భద్రాచలం పోయినప్పుడు నా బిడ్డ, అల్లుడు ఖమ్మం నుంచి కొత్త పాటపెట్టె తెచ్చిండ్రు. సూట్‌కేసు లెక్క మూత, నీలం లైటు. "అత్తమ్మా, దీనికి తిప్పుడు గిప్పుడు ఏం అక్కర్లేదు, అంతా అదే చూస్కుంటది. షాకు అసలే కొట్టదు" అన్నడు అల్లుడు. షాకు కొట్టదన్న మాట ఒక్కటే నా చెవిల పడ్డది. తెల్లారి పాత ఇనుము ఆటో వచ్చింది. నేనే పిలిచిన. నేనే ఒక చెయ్యి పట్టి ఎక్కిచ్చిన. బదులు ఒక ఎర్ర ప్లాస్టిక్ టబ్బు తీసుకున్న.

ఆ మాపటికే ఆయన కంటికి పట్టీతోని వచ్చిండు. పెట్టె ఉండే జాగ చూసిండు. కొత్తది చూసిండు. వాకిట్ల టబ్బు చూసిండు.

"టబ్బు మంచిగున్నది వదినా" అన్నడు.

అంతే. ఒక్క తిట్టు తిట్టలే. ఆయన పోయినంక పెట్టిన కూడికల అందరు లేచి "ఆయన ఓపిక గల మనిషి" అంటుంటే నాకు వొళ్లు మండింది. ఆ రోజు నన్ను నాలుగు తిడితే ఆటో ఎనక ఉరికి పట్టుకునేదాన్ని గద. రెండు రోజుల దాక అది మన మండలంలనే తిరిగింది. అల్లుడు తెచ్చింది, వంక పెడితే పిల్ల చిన్నబుచ్చుకుంటదని నోరు మూసుకున్నడు. ఆ మర్యాద ఎవరికి పనికొచ్చింది?

పాతది ఉంచుకోవాల్నా, కొత్తది కొనాల్నా అని మీలో ఎవరన్న అనుకుంటే నేను చూసింది చెప్త. కొత్తదాంట్ల మంచి లేదనను. తేలిక, షాకు లేదు, మీట నొక్కంగనే పాడుతది, ఫోన్ల పాట కూడ పలుకుతది. కాని దాని ముల్లు బరువు, రికార్డును దున్నినట్టు పోతది. పళ్లెం పల్చటి ప్లాస్టిక్, పక్క నుంచి నడిస్తే ముల్లు ఎగురుతది. మర లేదు. అది ఉరికినంత జోరుగ ఉరుకుతది, మనం ఏం చెయ్యలేం. పాతది బరువుది, మొండిది, బుర్రుమని మోత చేసేది. కాని మనం చెప్తే వినేది.

ఇదంతా నాకు మొన్ననే తెలిసింది. ఆయన బతికున్నప్పుడు నేను చూసింది ఇంకొకటి. కొత్త పెట్టె వచ్చినంక ఆయన ప్రతి ఆదివారం పాట నడుస్తుంటే రికార్డు అంచు మీద చూపుడు వేలు ఆనిచ్చి కూసుండేటోడు. నాకు గుండె ఆగినంత పనయ్యేది. షాకు కొట్టదని అల్లుడు చెప్తే మాత్రం కరెంటును నమ్ముతమా? "చెయ్యి తియ్యి! చెయ్యి తియ్యి!" అని వంటింటి గడప కాడ నుంచే మొత్తుకునేదాన్ని. తీసేటోడు. నేను లోపలికి పోంగనే మళ్ల పెట్టేటోడు. నా మొత్తుకునుడుల పాట ఎట్లున్నదో నా చెవికెక్కలే. ఎందుకు పెట్టినవని ఒక్కసారన్న అడగలే నేను. ఆయన చెప్పలే.

నలభై దినాల కూడికనాడు నా బిడ్డ అందరు వినేటట్టు ఆ రికార్డు పెట్టింది. చెల్లె చరణం వచ్చింది. సన్నగ, కీచుగ, ఎవరో చిన్నపిల్ల బడికి ఆలస్యమయితదని ఉరుకుతా పాడినట్టున్నది. "ఎంత తియ్యగున్నది" అన్నది పాస్టరమ్మ.

"ఆపుండ్రి" అన్న. "ఇది నా చెల్లె కాదు."

"ఏందమ్మా, చిన్నాయిన ఇన్ని రోజులు గిదే ఇన్నడు గద" అన్నది నా బిడ్డ.

గప్పుడు నాకు ఆ వేలు యాదికొచ్చింది. నేను అరిచినప్పుడల్లా తీసిన వేలు. తీసినప్పుడల్లా ఆయన భార్య ఆయన ముంగటనే ఎవరి పిల్లనో అయిపోయింది. నా భయానికి ఒకసారి పెట్టె పోయింది, మిగిలిన గొంతును కూడ నేనే ఆదివారం ఆదివారం గుంజుకున్న. ఒక్కమాట "వదినా, మర లేదు, జోరు తగ్గాలని వేలు పెడుతున్న" అంటే ఆయన నోటి ముత్యాలు రాలుతయా? చెప్పలేదని ఆయన మీద కోపం. అడగలేదని నా మీద కోపం. ఆ టబ్బుల బట్టలు నానబెట్టుడు బంద్ చేసిన. గోడకు బోర్లించిన. అయినా పొద్దుగాల లేస్తే అదే కనబడుతది.

చరణం మళ్ల మొదటి నుంచి పెట్టమన్న. పెట్టె ముంగట కూసున్న. చెయ్యి పైట కొంగుతోని తుడుచుకున్న. రికార్డు అంచు మీద వేలు ఆనిచ్చిన. గట్టిగ నొక్కితే పాట మూలిగింది. కొంచెం వదిలిన. ఇంక కొంచెం వదిలిన. వేలి కింద గీతలు సర్రున జారుతున్నయి. ఒక్క జాగ కాడ గొంతు దిగింది. నిండుగ, నిమ్మళంగ, నా ఎనక నిలబడి జడ అల్లుతా పాడినప్పటి గొంతు.

"అమ్మా, చెయ్యి తియ్యి, షాకు కొడుతదేమో" అన్నది నా బిడ్డ.

నేను తియ్యలే. చరణం ఇంక సగం ఉన్నది.