రబ్బరు బొటనవేలు

కంబదూరు పుల్లన్నకు తన మీద తనకున్న గౌరవం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. మే నెల ఎండలో కూడా నల్ల మఖమల్ కోటు విప్పడు. మెడకు ఎర్ర టై, వేళ్ళకు నాలుగు ఉంగరాలు, మోటారుసైకిలు వెనక తగరపు పెట్టె, దాని మీద పసుపు అక్షరాలతో ‘మ్యాజిక్ స్టార్ పుల్లన్న’. కుర్రతనంలో కళ్యాణదుర్గంలో డేరా వేసిన ఓ ముసలి ఇంద్రజాలికుడి వెనక మూడేళ్ళు తిరిగి విద్య పట్టాడు. ఇరవై ఏళ్ళు బెళుగుప్ప నుంచి గుమ్మఘట్ట దాకా బడులన్నీ ఏలాడు. తర్వాత పిల్లల చేతికి ఫోన్లొచ్చాయి. "ఇది యూట్యూబ్‌లో చూసినాం సార్" అని ముఖం మీదే అనడం మొదలుపెట్టారు. స్టార్ కాస్తా మసకబారాడు.

అలాంటి రోజుల్లో జయరాముడు కబురు పెట్టాడు. జయరాముడికి రెండు బోరుబండ్లు, ఒక పార్టీ కండువా, ఒక ఆశ్రమం ఉన్నాయి. మూతబడ్డ శెనక్కాయల మిల్లుకు సున్నం కొట్టించి, బుద్ధిమాంద్యం ఉన్న పెద్దవాళ్ళను ముప్పైమందిని అందులో ఉంచాడు. తల నెరిసినవాళ్ళు కూడా జయరాముడి నోట ‘నా పిల్లలే’. గోడల నిండా బాతులు, కుందేళ్ళు, ఏబీసీడీలు. పుట్టినరోజు చేసుకునే దాతలు వచ్చి, యాభై ఏళ్ళ మనిషి చేతిలో బెలూను పెట్టి ఫొటో దిగి, కళ్ళు తుడుచుకుంటూ పోతుంటారు. ఈ జిల్లాలో వానకే లేని ధారాళం వాళ్ళ కళ్ళకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

"నెలకొకసారి వచ్చి ఆట చూపిచ్చిపో పుల్లన్నా, నా పిల్లోళ్ళు నగుతారు" అన్నాడు జయరాముడు. పుల్లన్న సరేనన్నాడు గానీ, ఇంటికి పోయి పెళ్ళాం దగ్గర గింజుకున్నాడు. "ఎట్లాంటి మనిషి ఎట్లయిపాయనో సూడు! తెలివి ల్యానోళ్ళ ముందర ఆట! వాళ్ళకు కండ్లు మూసుకొని చేసినా సాలు."

కళ్ళు తెరుచుకుని చేసినా చాలదని మొదటి రోజే తేలింది.

ఈ విద్యకు మూలమంతా చూపులో ఉంది. ఆటగాడు కుడిచేతి వైపు చూస్తే జనమూ అటే చూస్తారు. ఆ సందులో ఎడమచెయ్యి తన పని తాను కానిచ్చేస్తుంది. తహసీల్దార్లూ హెడ్మాస్టర్లూ కూడా ఇందులో పడినవాళ్ళే, చూపించిన వైపు చూడటం వాళ్ళకు ఉద్యోగంలోనే అలవాటు. చిన్నక్కకు ఆ అలవాటు లేదు. గుమ్మఘట్ట మనిషి, నలభై ఆరేళ్ళు. ముందు వరసలో చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, తనకు ఎక్కడ చూడాలనిపిస్తే అక్కడే చూస్తుంది.

పుల్లన్న ధర్మవరం పట్టుగుడ్డ ముక్కను గుప్పిట్లో కుక్కి, ఉఫ్ అని ఊది, ఖాళీ చేతులు చూపించి, "యాడికి పాయ? యాడికి పాయ?" అంటూ ఆకాశమంతా వెతికాడు. గుడ్డ ఎక్కడికీ పోలేదు. బొటనవేలికి తొడుక్కున్న రబ్బరు వేలులో నక్కి ఉంది.

"ఆ యేల్లో ఉండాదన్నా" అంది చిన్నక్క. "ఆ యేలు నీది కాదు."

పుల్లన్న గబుక్కున ఆ వేలు గుప్పిట్లో ముడిచాడు. అంతలోనే తేరుకుని, "ల్యాదమ్మా, ఈడుండాది సూడు" అని కోటు జేబులోంచి అలాంటి గుడ్డే ఇంకొకటి తీసి చూపించాడు. ఆయా పద్మజ పగలబడి నవ్వింది. ఆమెను చూసి అందరూ నవ్వారు. చిన్నక్క నవ్వలేదు.

అది మొదలు. నిమ్మకాయ చంకలో ఉందని, కోడిగుడ్డు చొక్కా చేతిలో ఉందని ఆమె నెలనెలా చెబుతూనే ఉంది. పుల్లన్న "ల్యాదమ్మా" అంటూనే ఉన్నాడు. ఒక మనిషి నిజం చెప్పడం, తెలివిగలవాడు దాన్ని అబద్ధం చేయడం, జనం చప్పట్లు కొట్టడం. రెండేళ్ళపాటు ఆ ఆశ్రమంలో జరిగిన వినోదం ఇదీ. పద్మజ రిజిస్టరులో చిన్నక్క పేరు పక్కన ‘మొండి, ఎదురు మాట్లాడును’ అని రాసిపెట్టింది. పుల్లన్న ఆమె కోసమే ఆటలన్నీ మార్చుకున్నాడు, కొత్త కొత్త చోట్ల దాచాడు, అయినా దొరికిపోయాడు. దొరికిపోయానని మాత్రం ఒక్కసారీ ఒప్పుకోలేదు. గుట్టు విప్పనని గురువు కాళ్ళు పట్టుకుని ఒట్టేశాడట. ఒట్టు పేరు చెప్పుకుంటే పిరికితనం కూడా పెద్దమనిషి తరహాగానే కనిపిస్తుంది.

మొన్న డిసెంబరులో దివ్యాంగుల దినోత్సవం వచ్చింది. షామియానా వేశారు, విలేకరులు వచ్చారు. ఈసారి ఆట తానే చేస్తానని జయరాముడికి బుద్ధి పుట్టింది. "నాయకుడంటే అన్నీ రావల్ల కదప్పా!" అని పుల్లన్న దగ్గర రెండు రోజులు నేర్చుకుని, రబ్బరు వేలు తీసుకున్నాడు. అది పుల్లన్న ఒంటి రంగుకు కలిసేలా కాటుక రుద్దిన వేలు. జయరాముడి ఎర్రటి చేతికి వంకాయ తొడిగినట్టుంది. ఆ మాట చెప్పే ధైర్యం ఎవరికుంది?

జయరాముడు గుడ్డను మాయం చేసి, "యాడికి పాయ పిల్లలూ?" అని మైకులో అరిచాడు. పద్మజ చప్పట్లు కొట్టమని సైగ చేసింది.

"ఆ నల్ల యేల్లో ఉండాది" అంది చిన్నక్క, షామియానా అదిరేలా.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. జయరాముడి మొహం మాడిపోయింది. మైకు అరచేత్తో మూసి పద్మజతో అన్న మాట వేదిక పక్కనే కింద నిలబడ్డ పుల్లన్నకు వినబడింది. "దీన్ని లోపలికి తోల్కొనిపో. రేపు పొద్దున్నే గుమ్మఘట్టకు బస్సెక్కిచ్చు. తమ్ముడు సూసుకుంటాడు."

తమ్ముడు ఎలా చూసుకుంటాడో ఆశ్రమంలో అందరికీ తెలుసు. ఇక్కడికి రాకముందు ఆరేళ్ళు ఆమెను మేకల కొట్టంలో పెట్టి గొళ్ళెం వేశాడు.

పద్మజ రెక్క పట్టి లేపింది. చిన్నక్క పుల్లన్న వైపు చూసింది. ఇంకొక్కసారి "ల్యాదమ్మా" అంటే పుల్లన్నకు పోయేదేమీ లేదు, నాయకుడి దగ్గర మంచిపేరు కూడా వస్తుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. అంతలో తన బతుకు మీద తనకే రోత పుట్టింది. వేదిక ఎక్కి, జయరాముడి చెయ్యి పట్టుకుని పైకెత్తి, రబ్బరు వేలు లాగేశాడు. ఎర్ర పట్టుగుడ్డ జారి అందరి ముందూ వేలాడింది.

"చిన్నక్క చెప్పింది నిజం" అన్నాడు మైకులో. "ఈ పొద్దే కాదు, రెండేండ్లుగా ఆయమ్మ చెప్పిందంతా నిజం. అబద్ధమాడింది నేను."

ఫోన్లన్నీ పైకి లేచాయి. ఫోన్ల ముందు జయరాముడి బుర్ర భలే చురుగ్గా పనిచేస్తుంది. గబుక్కున చిన్నక్కను పక్కకు లాక్కుని, భుజం మీద చెయ్యేసి, "సూసినారా నా బిడ్డ తెలివి! ఇట్లా తయారు చేస్తాం మేము!" అన్నాడు. మర్నాడు పేపర్లో ఆ ఫొటోయే పడేది. పేపరుకెక్కబోయే బిడ్డను ఏ నాయకుడైనా మేకల కొట్టానికి ఎలా తోలతాడు? చిన్నక్క ప్రయాణం ఆగిపోయింది. పుల్లన్నకు మాత్రం "ఇంగ ఈడికి రావాకు" అని పద్మజతో చెప్పించాడు జయరాముడు.

పుల్లన్న పెట్టె సర్దుకుని, పోయే ముందు చిన్నక్క చాప దగ్గర గొంతుక్కూర్చున్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. "తప్పయిపాయక్కా" అన్నాడు. "నువ్వు చెప్పింది నిజమని తెలిసే ల్యాదంటి."

చిన్నక్క నోరు తెరుచుకుని అతని వైపు చూసింది.

"నీకు తెలుసా?" అంది. "నెలనెలా పారేసుకొని, యాడికి పాయ యాడికి పాయ అని ఎతుక్కుంటాంటివి కదన్నా. పాపం, ఈ మనిషికి తెలివి తక్కువ, మనమన్నా చెప్పల్ల అనుకుంటి."